మెదడు మీద నెలవంక

సికింద్రాబాదు నుంచి మేడ్చల్ పోయే దారిలో దేవరయాంజాల్ అనే ఊరుంది. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవను మొదలుపెట్టిన సంస్థ ఆవరణ అక్కడే. ఒక పక్క మేడ్చల్ మీదుగా నాగపూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి, మరో పక్క శామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి, రెంటినీ కలుపుతూ ఔటర్ రింగు రోడ్డు. రాత్రీ పగలూ లారీలు, బస్సులు, మోటారు సైకిళ్లు. ఆ రోడ్ల మీద ఎవరైనా తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పి పడిపోతే చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే 108కి ఫోను చేస్తారు. బండి వస్తుంది.

అయితే తలకు దెబ్బ తగిలిన వాళ్లందరికీ స్పృహ తప్పదు. డెబ్బై అయిదేళ్ల తాత ఒకాయన స్నానాల గదిలో కాలు జారాడనుకోండి. తల గోడకు తగిలింది. చిన్న బొప్పి కట్టింది. "ఏం కాలేదులేరా" అంటూ లేచాడు, కొబ్బరినూనె రాసుకున్నాడు, అన్నం తిన్నాడు, పడుకున్నాడు. నాలుగు రోజులకు బొప్పి పోయింది. ఆ సంగతి ఇంట్లో అందరూ మరచిపోయారు.

నెల గడిచింది. తాతకు తెల్లవారి లేస్తే తలనొప్పి. నడుస్తుంటే ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోవటానికి పావుగంట పడుతున్నది. కూర్చున్న చోటనే కునుకు తీస్తున్నాడు. మనవణ్ణి పట్టుకుని కొడుకు పేరు పెట్టి పిలుస్తున్నాడు. "ఏం చేస్తాం, వయసు మీద పడింది" అంటారు ఇంట్లోవాళ్లు.

వయసు కావచ్చు. కాకపోనూవచ్చు. నెల కిందటి ఆ చిన్న దెబ్బే కావచ్చు. నెల తరువాత అదెట్లా పని చేస్తుందని మీరు అడుగుతారు. సరిగ్గా ఈ ప్రశ్ననే డాక్టర్లు నూట యాభై ఏళ్లకు పైగా అడుగుతూ వచ్చారు. దొరికిన జవాబు విచిత్రమైనది. గాయాన్ని మాన్పటానికి మన శరీరం చేసే ప్రయత్నమే ఇక్కడ రోగాన్ని పెంచుతున్నది!

మూడు పొరలు, కొన్ని వంతెనలు

మెదడు చుట్టూ మూడు పొరలు ఉంటాయని మీరు జీవశాస్త్రంలో చదువుకున్నారు. బయటిది వరాశిక. ఇది తోలులాగా మందంగా, గట్టిగా ఉండి పుర్రె లోపలి వైపు అంటుకుని ఉంటుంది. దాని కింద సాలెగూడు వంటి లౌతికళ. అన్నిటికంటె లోపల, మెదడు ముడతలన్నిటిలోకీ దిగి అతుక్కుని ఉండే పల్చటి పొర మృద్వి. లౌతికళకూ మృద్వికీ మధ్య మస్తిష్క మేరు ద్రవం నిండి ఉంటుంది. మెదడు ఆ ద్రవంలో తేలుతూ ఉంటుందనుకోవచ్చు.

మెదడులో వాడిన రక్తం వెనక్కి పోవాలి కదా! మెదడు ఉపరితలం నుంచి చిన్న చిన్న సిరలు లేచి, లౌతికళను దాటి, వరాశికలో ఉన్న పెద్ద రక్తకాలువలలో కలుస్తాయి. రెండు ఒడ్లను కలిపే వంతెనల మాదిరిగా ఉంటాయి గనుక వీటిని వంతెన సిరలు అంటారు.

చిన్నవాళ్లలో మెదడు పుర్రెను నిండుగా ఆక్రమించి ఉంటుంది. వయసు పెరిగినకొద్దీ మెదడు కొంచెం కొంచెంగా కుంచించుకుపోతుంది. ఇది రోగం కాదు, అందరికీ జరిగేదే. కాని పుర్రె కుంచించుకోదు కదా! మధ్య ఖాళీ పెరుగుతుంది, వంతెన సిరలు సాగి బిగుసుకుంటాయి. అటువంటి తలకు చిన్న కుదుపు తగిలినా మెదడు లోపల ఒక్క క్షణం ఊగుతుంది, ఏదో ఒక సిర చిట్లుతుంది. సిరలలో రక్తపు ఒత్తిడి తక్కువ. అందుచేత రక్తం చిమ్మదు, ఊరుతుంది. వరాశిక అడుగు భాగాన ఉండే మెత్తటి కణాల వరుసను చీల్చుకుని ఒక పల్చటి మడుగుగా పరుచుకుంటుంది. మనిషికి ఏమీ తెలియదు.

దీన్నే డాక్టర్లు 'క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా' అంటారు. వరాశిక కింద చాలాకాలంగా నిలవ ఉన్న రక్తం అని అర్థం. అరవై అయిదు దాటినవాళ్లలో ఎక్కువగా వస్తుంది. గుండె జబ్బుకనో పక్షవాతానికనో రక్తం పల్చబడే మందులు వాడుతున్నవాళ్లకు మరీ ఎక్కువ. (అట్లాగని ఆ మందులను ఎవరూ సొంతంగా మానెయ్యకూడదు. దానివల్ల వచ్చే ప్రమాదం ఇంకా పెద్దది.)

మడుగు ఎందుకు పెరుగుతుంది?

ఇప్పుడు అసలు చిక్కు. మీ మోకాలు గీరుకుపోతే ఏమవుతుంది? రక్తం కారుతుంది, గడ్డకడుతుంది, పక్కు కడుతుంది, పది రోజుల్లో మానిపోతుంది. మరి వరాశిక కింద చేరిన చెంచాడు రక్తం కూడా అట్లాగే ఇంకిపోవాలి. చాలామందిలో ఇంకిపోతుంది కూడా. కాని కొందరిలో అది వారాల తరబడి పెరుగుతూ పోయి, మెదడును ఒక పక్కకు నెట్టేస్తుంది. చిట్లిన సిర ఎప్పుడో మూసుకుపోయింది. మరి ఈ కొత్త రక్తం ఎక్కడిది?

1857లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్కో, ఇది దెబ్బ వల్ల వచ్చేది కాదన్నాడు. ముందు వరాశికకు వాపు వస్తుంది, ఆ వాపు వల్ల ఒక కొత్త పొర పుడుతుంది, ఆ పొరలోని రక్తనాళాలు కారతాయి అని ఆయన వాదం. 1914లో ఇంగ్లండు డాక్టరు విల్‌ఫ్రెడ్ ట్రాటర్ దీన్ని కాదన్నాడు. దెబ్బ తగిలి సిరలు తెగటమే కారణమన్నాడు. ఇద్దరిలో ఎవరు గెలిచారని మీరడిగితే, సగం సగం గెలిచారని చెప్పాలి. మొదలు ట్రాటర్ చెప్పినట్టే, తరువాతి కథ చాలావరకు విర్కో చూసినట్టే.

మధ్యలో ఇంకొక ముచ్చటైన సిద్ధాంతం వచ్చింది. ఎండు ద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. ద్రవాభిసరణం గురించి చెప్పేటప్పుడు మీ మాస్టారు ఈ ప్రయోగం చేయించే ఉంటారు. 1932లో గార్డ్‌నర్ అనే అమెరికా డాక్టరు, మెదడు మీద రక్తపు మడుగు కూడా ఇట్లాగే ఉబ్బుతుందన్నాడు. లోపలి రక్తకణాలు చితికి ద్రవం చిక్కబడుతుంది, చుట్టూ ఉన్న మస్తిష్క మేరు ద్రవం నుంచి నీరు లోపలికి గుంజుకుంటుంది అని ఆయన ఊహ. వినటానికి ఎంతో బాగుంది. చాలాకాలం పుస్తకాలలో ఇదే రాశారు. 1971లో కెనడాలో బ్రైస్ వియర్ అనే డాక్టరు ఆ ద్రవాన్ని తీసి కొలిచి చూశాడు. అది రక్తం కంటె చిక్కగా ఏమీ లేదు! నీటిని గుంజుకునే శక్తి దానికి లేదు. అందంగా ఉన్న సిద్ధాంతం ఒక్క కొలతతో పడిపోయింది.

మరి అయిదేళ్లకు, 1976లో, జపాన్‌లో ఇతో అనే డాక్టరూ ఆయన సహచరులూ ఒక తెలివైన పని చేశారు. రోగి ఎర్ర రక్తకణాలకు రేడియోధార్మిక క్రోమియంతో గుర్తు వేసి సిరలోకి ఎక్కించారు. ఆ తరువాత శస్త్రచికిత్సలో మడుగు ద్రవాన్ని తీసినప్పుడు చూస్తే, గుర్తు వేసిన కణాలు అందులో ఉన్నాయి! అంటే, నెల కిందటి పాత రక్తంలోకి నిన్నటి రక్తం వచ్చి చేరిందన్నమాట. లెక్క కడితే సగటున రోజుకు మడుగు పరిమాణంలో దాదాపు పదో వంతు కొత్త రక్తం చేరుతున్నదని తేలింది. ఒక పక్క కొంత పీల్చుకుపోతూ ఉంటుంది, ఇంకో పక్క కారుతూ ఉంటుంది. కారేది ఎక్కువైతే మడుగు పెరుగుతుంది.

కారుతున్నది ఎక్కడి నుంచి? విర్కో చూసిన పొర నుంచే. నిలవ రక్తం వరాశికకు చీకాకు కలిగిస్తుంది. అక్కడి కణాలు విభజన చెంది సుమారు వారం రోజులలో మడుగు పై వైపున ఒక కొత్త పొరను అల్లుతాయి. మూడు వారాలు తిరిగేసరికి కింది వైపు కూడా పల్చటి పొర ఏర్పడి మడుగు ఒక సంచిలాగా తయారవుతుంది. పై పొర నిండా కొత్త రక్తనాళాలు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఇవి మామూలు రక్తకేశనాళికల కంటె బాగా వెడల్పు, గోడలు మాత్రం బొత్తిగా పల్చన. గోడలోని కణాల మధ్య సందులు!

నాళాలను పిలిచే రసాయనం

ఇక్కడ మనం మెదడును కాసేపు వదిలిపెట్టి, రక్తనాళాలు అసలు ఎట్లా పెరుగుతాయో చూడాలి.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్షతోటలు ఎక్కువ. అనాబెషాహీ ద్రాక్షకు హైదరాబాదు చుట్టుపక్కల ఊళ్లు పెట్టింది పేరు. ఇప్పుడు ఆ తోటలు చాలావరకు ఇళ్ల స్థలాలైపోయాయి గాని, మీ తాతలను అడిగితే చెబుతారు. ద్రాక్ష తీగ కొనను గమనించండి. కొసన ఒక లేత చిగురు దారి వెతుక్కుంటూ ముందుకు పోతుంది, వెనక కాండం దానిని అనుసరిస్తుంది. కొత్త రక్తనాళం కూడా సరిగ్గా ఇట్లాగే పెరుగుతుంది. పాత నాళం గోడలోంచి ఒక కణం తల బయటపెట్టి ముందుకు జరుగుతుంది. దాని వెనక మిగతా కణాలు విభజన చెందుతూ గొట్టంగా ఏర్పడతాయి. తీగ వెలుతురు వైపు పోతుంది. మరి నాళం ఎటు పోతుంది? ప్రాణవాయువు చాలని కణాలు ఉన్న వైపుకు! ఆ కణాలు ఒక ప్రోటీనును వదులుతాయి. "ఇటు రండి, ఇక్కడ రక్తం కావాలి" అనే పిలుపు అది.

ఈ ప్రోటీను చరిత్ర కూడా తమాషా అయినదే. 1971లో అమెరికా శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్, కేన్సరు కంతులు ఏదో రసాయనంతో రక్తనాళాలను తమ వైపుకు రప్పించుకుని పెరుగుతాయని రాశాడు. చాలామంది నమ్మలేదు. 1983లో బోస్టన్‌లో సెంగర్, డ్వొరాక్ అనే శాస్త్రజ్ఞులు, రక్తనాళాలను కారేటట్లు చేసే ఒక పదార్థాన్ని కంతులలో కనిపెట్టారు. 1989లో కాలిఫోర్నియాలో నపోలియోన్ ఫెరారా అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు, రక్తనాళ కణాలను పెంచే ఒక ప్రోటీనును వేరు చేశాడు. తీరా చూస్తే రెండూ ఒకటే! నాళాలను పెంచేదీ అదే, కారించేదీ అదే. దానికి 'రక్తనాళ అంతఃస్తర వృద్ధి కారకం' అని పేరు. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి వి.ఇ.జి.ఎఫ్. అంటారు. మనమూ అట్లాగే అందాం.

పెంచటం, కారించటం రెండూ ఒకే ప్రోటీను ఎందుకు చెయ్యాలి? ఆలోచిస్తే సబబే. గాయం దగ్గర కొత్త నాళం మొలవాలంటే ముందు పాత నాళం గోడ కొంచెం వదులు కావాలి, రక్తంలోని కొన్ని ప్రోటీనులు బయటికి వచ్చి తీగకు పందిరిలాగా పరుచుకోవాలి. పని అయిపోయాక పిలుపు ఆగిపోతుంది. గోడలు మళ్లీ గట్టిపడతాయి. వి.ఇ.జి.ఎఫ్. చెడ్డదని మాత్రం అనుకోకండి. దీని జన్యువు రెండు ప్రతులలో ఒక్కటి పాడైనా ఎలుక పిల్ల గర్భంలోనే చనిపోతుందని 1996లో తెలిసింది. మీరూ నేనూ తల్లి కడుపులో ఉండగా మన గుండెకూ మెదడుకూ నాళాలు వేసింది ఇదే.

ఆగని చక్రం

ఇక మళ్లీ మన మడుగు దగ్గరికి వద్దాం. 2001 ప్రాంతంలోనూ ఆ తరువాతా జర్మనీ, జపాన్ వంటి దేశాలలో డాక్టర్లు ఈ మడుగు ద్రవంలో వి.ఇ.జి.ఎఫ్.ను కొలిచారు. అదే రోగి చేతి సిరలోని రక్తంలో ఉన్నదానికంటె ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నది! పాత రక్తాన్ని శుభ్రం చెయ్యటానికి వచ్చిన తెల్లకణాలు, కొత్త పొరలోని కణాలు దాన్ని వదులుతున్నాయి. అవి చేస్తున్నది తప్పు కాదు. గాయం కనిపించింది, నాళాలను పిలిచాయి. పొరలో నాళాలు మొలిచాయి.

కాని చెరువు కట్ట సంగతి ఆలోచించండి. శామీర్‌పేట చెరువు కట్ట మీద నిలబడి చూస్తే, ఎంత మట్టిని ఎంత గట్టిగా దిమ్మిస ఆడిస్తే అంత నీరు ఆగిందో తెలుస్తుంది. మట్టి పోసి, తడిపి, గట్టిపరచి, ఆ తరువాత మళ్లీ మట్టి పోయాలి. ఆ వ్యవధి ఇవ్వకుండా రాత్రికి రాత్రి మట్టి కుప్ప పోసి నీరు వదిలితే కట్ట ఊటలు పెడుతుంది. రక్తనాళానికి కూడా గట్టిపడటానికి వ్యవధి కావాలి. చుట్టూ ఆధార కణాలు వచ్చి చేరాలి, వాటి అడుగున ఒక పునాది పొర ఏర్పడాలి. నాళాలను స్థిరపరిచే ప్రోటీనులు వేరే ఉన్నాయి, వాటికి అడ్డుపడే ప్రోటీనులూ ఉన్నాయి. ఈ మడుగులో అడ్డుపడేవాటిదే పైచేయి. పైగా "పెరగండి, కారండి" అనే వి.ఇ.జి.ఎఫ్. పిలుపు ఆగటం లేదు. అందుచేత నాళాలు ఎప్పటికీ లేతగానే ఉండిపోతాయి. దగ్గినా తుమ్మినా ఒకటి చిట్లుతుంది. చిట్లకపోయినా ఊరుతూనే ఉంటాయి.

కారిన రక్తం గడ్డకట్టవచ్చు కదా? కడుతుంది. కాని ఆ నాళాల గోడల నుంచే గడ్డను కరిగించే పదార్థం కూడా వస్తుంది. గుండెపోటు, పక్షవాతం వచ్చినప్పుడు డాక్టర్లు గడ్డ కరగటానికి ఇచ్చే మందు ఉన్నది చూశారూ, సరిగ్గా అదే పదార్థం, మన శరీరం తయారు చేసినది. కట్టిన గడ్డ కట్టినట్టే కరిగిపోతుంది. కరిగిన రక్తం మళ్లీ చీకాకు. చీకాకుకు మళ్లీ తెల్లకణాలు. తెల్లకణాల నుంచి మళ్లీ వి.ఇ.జి.ఎఫ్. గానుగెద్దు తిరిగినట్టు ఇది తిరుగుతూ ఉంటుంది. అందుకే తాత నెల తరువాత కాలు ఈడ్చాడు.

నెలవంక కనిపించేది

1971లో ఇంకొకటి కూడా జరిగింది. ఆ ఏడాది అక్టోబరు 1న లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో మొట్టమొదటిసారి ఒక రోగి తలను పొరలు పొరలుగా ఎక్స్‌రే చిత్రం తీశారు. అదే మనం సి.టి. స్కాను అంటున్నది. ఆ చిత్రంలో పుర్రె తెల్లటి కోడిగుడ్డు పెంకులాగా కనిపిస్తుంది. వరాశిక కింద మడుగు ఉంటే, పెంకు లోపలి అంచున నెలవంక ఆకారంలో కనిపిస్తుంది. తాజా రక్తం తెల్లగాను, పాత రక్తం బూడిదరంగులోను ఉంటాయి. రెండు రంగులూ కలిసి ఉంటే, పాత మడుగులోకి కొత్త రక్తం కారిందని డాక్టరు గుర్తుపడతాడు. సి.టి. రాకముందు ఎంతమంది ముసలివాళ్లను 'మతి తప్పింది' అని మూలన కూర్చోబెట్టారో!

మూలన కూర్చోబెట్టవలసిన జబ్బు కాదిది. ముసలితనంలో వచ్చే మతిమరుపులో చాలా రకాలకు ఈనాటికీ మందు లేదు. దీనికి ఉంది. పుర్రెకు ఒకటో రెండో చిన్న రంధ్రాలు చేసి ద్రవాన్ని బయటికి వదులుతారు. అది ఎర్రగా ఉండదు, పాత ఇంజనాయిలులాగా నల్లగా ఉంటుంది. ఒత్తిడి తగ్గగానే నొక్కుకుపోయిన మెదడు మెల్లగా తన చోటికి వస్తుంది. కాలు ఈడ్చిన మనిషి కొద్ది రోజులకే లేచి నడవటం తరచు చూసేదే. తెలియవలసిందల్లా ఒక్కటే, ఆ మాట ఎవరో ఒకరు డాక్టరుకు చెప్పాలి: "నెల కిందట పడ్డాడండీ!" పెద్దవాళ్లు మరచిపోయిన సంగతి తరచు పిల్లలకు గుర్తుంటుంది. పడ్డ కొన్ని వారాల తరువాత తలనొప్పి, తూలటం, ఒక పక్క నీరసం, తికమక, అదేపనిగా నిద్రమత్తు కనిపిస్తే స్కాను చేయించవలసిందే. లేపినా లేవనంత మత్తుగా ఉంటే అప్పుడు 108 బండిని పిలవటానికి క్షణం ఆలస్యం చెయ్యకూడదు.

శస్త్రచికిత్స బాగానే ఉంది, కాని మడుగును తోడేసినా పొర అక్కడే ఉన్నది కదా! పిలుపు ఆగకపోతే మళ్లీ నిండుతుంది. రంధ్రంలో ఒక సన్నటి గొట్టం పెట్టి రెండు రోజులు ద్రవాన్ని కారనిస్తే కొంత మేలని 2009లో కేంబ్రిడ్జి డాక్టర్లు చూపించారు. గొట్టం పెట్టనివారిలో నూటికి 24 మందికి మడుగు తిరిగి వస్తే, పెట్టినవారిలో 9 మందికి వచ్చింది. ఎందుకంటే మిగిలిపోయిన పాత ద్రవంతోపాటు వి.ఇ.జి.ఎఫ్., గడ్డ కరిగించే పదార్థాలు కూడా బయటికి పోతాయి.

పిలుపును ఆపటం ఎట్లా?

మందుతో ఆపలేమా? డెక్సామెథసోన్ అనే మందు వాపును, వి.ఇ.జి.ఎఫ్.ను కూడా తగ్గిస్తుంది. బ్రిటన్‌లో 748 మంది రోగులపై దీన్ని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. మందు తీసుకున్నవారిలో రెండోసారి శస్త్రచికిత్స అవసరమైనవాళ్లు నూటికి 2 కంటె తక్కువ, తీసుకోనివారిలో 7. భేష్ అనిపిస్తుంది. కాని ఆరు నెలల తరువాత కోలుకుని తమ పనులు తాము చేసుకుంటున్నవారు ఎందరని చూస్తే, మందు తీసుకున్నవారిలో నూటికి 84, తీసుకోనివారిలో 90! మందు మడుగును ఆపింది, మనిషికి మాత్రం ఇతర విధాల చెరుపు చేసింది. మడుగును కొలవటం వేరు, మనిషిని కొలవటం వేరు.

వి.ఇ.జి.ఎఫ్.ను సూటిగా పట్టుకునే మందు కూడా ఉంది. దాని తయారీ సంగతి మేడ్చల్ ప్రాంతం వారికి కొత్త కాదు. 1997లో, మేడ్చల్ దగ్గరి శాంతా బయోటెక్నిక్స్ వారు ఒక జన్యువును ఈస్టు కణాలలో చొప్పించి, వాటి చేత హెపటైటిస్-బి టీకా ప్రోటీనును తయారు చేయించారు. మన దేశంలో ఆ విధంగా తయారైన మొదటి టీకా అది. కంపెనీ పెట్టిన వరప్రసాద్ రెడ్డి చదివింది జీవశాస్త్రం కాదు, ఇంజనీరింగు! ఆ తరువాత శామీర్‌పేట పక్క తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ వెలిసింది. జీవకణాలనే కార్మికులుగా పెట్టుకుని ప్రోటీనులు చేయించుకోవటం ఈ వైపు ఇప్పుడు పెద్ద పరిశ్రమ.

వి.ఇ.జి.ఎఫ్.ను పట్టుకుని కదలనివ్వని ప్రతిరక్షకం పేరు బెవాసిజుమాబ్. హామ్‌స్టర్ అనే ఎలుక వంటి జంతువు కణాల చేత దీన్ని చేయిస్తారు. 2004లో అమెరికాలో పెద్దపేగు కేన్సరుకు దీన్ని ఆమోదించారు. ఫోక్‌మన్ మాట నిజమని అప్పటికి అందరూ ఒప్పుకున్నారు. హైదరాబాదు కంపెనీలయిన హెటిరో 2016లోను, డాక్టర్ రెడ్డీస్ 2019లోను దీని సమానమైన మందును మన దేశంలో అమ్మకానికి తెచ్చాయి. చక్కెర వ్యాధి వల్ల కంటి లోపల మొలిచే పిచ్చి నాళాలను అణచటానికి కంటి డాక్టర్లు కూడా ఇటువంటి మందులు వాడతారు.

మరి తాత మెదడు మీది నాళాలకు? ఇంతవరకు దీన్ని ఈ జబ్బుకు మందుగా ఆమోదించలేదు. ఒంటినిండా వి.ఇ.జి.ఎఫ్.ను ఆపితే గాయాలు మానవు, వేరే చోట రక్తస్రావం కావచ్చు. అవసరమైన పిలుపునూ అక్కరలేని పిలుపునూ మందు వేరు చెయ్యలేదు.

అందుకని డాక్టర్లు ఇంకో దారి పట్టారు. పొరలోని ఆ లేత నాళాలకు రక్తం ఎక్కడి నుంచి వస్తున్నది? వరాశికకు రక్తాన్ని తెచ్చే ఒక ధమని నుంచి. ఆ ధమనిని మూస్తే? తుమ్మచెట్టును పెకలించలేకపోతే వేళ్లకు నీరు కట్టేసినట్టు! తొడలోనో మణికట్టులోనో ధమనిలోకి దారంలాంటి గొట్టాన్ని ఎక్కించి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ వరాశిక ధమని దాకా పోయి, జిగురులాంటి పదార్థంతో దాన్ని మూసేస్తారు. మెదడుకు రక్తం వేరే ధమనుల నుంచి వస్తుంది గనుక మెదడుకు లోటు ఉండదు. 2024 నవంబరులో ప్రచురించిన అమెరికా పరీక్షలో శస్త్రచికిత్సకు ఇది తోడైనవారిలో నూటికి 4 మందికి, తోడుకానివారిలో 11 మందికి మూడు నెలలలోపు తిరిగి శస్త్రచికిత్స చెయ్యవలసి వచ్చింది.

ఆ ఫలితాలు వచ్చిన నెలకే ప్రపంచమంతా ఈ చికిత్స పేరు వినవలసి వచ్చింది. బ్రెజిల్ అధ్యక్షుడు లూలా 2024 అక్టోబరు 19న స్నానాల గదిలో పడ్డాడు. తల వెనక దెబ్బ తగిలింది, కుట్లు వేశారు, ఆయన పనిలోకి వచ్చాడు. ఏడు వారాలు గడిచాక డిసెంబరులో తలనొప్పి. స్కానులో మెదడు మీద రక్తం. డిసెంబరు 10న సావో పాలోలో పుర్రెకు రంధ్రం చేసి తీశారు. రెండు రోజుల తరువాత ఆ ధమనిని మూసేశారు. అప్పటికి ఆయనకు 79 ఏళ్లు. కొద్ది రోజులకు ఇంటికి వెళ్లాడు.

ఈ ధమనిని చూడాలని ఉంటే మీ బడి ప్రయోగశాలలో ఉన్న పుర్రె నమూనాను అడిగి తీసుకోండి. పై మూత ఊడేదైతే తీసి, లోపలి వైపు వెలుతురులోకి తిప్పండి. కణతల దగ్గర కింది నుంచి పైకి, చెట్టు కొమ్మలు చీలినట్టు చీలుతూ పోయే సన్నటి గాళ్లు కనిపిస్తాయి. జీవితకాలమంతా కొట్టుకుంటూ ఆ ధమని ఎముక మీద వేసుకున్న ముద్ర అది. వేలితో తడిమితే తెలుస్తుంది.